అధిక రక్తపోటు – కెరోటిడ్ ధమనుల్లో మార్పులు

కెరోటిడ్ ధమనులు మెడకు రెండు పక్కలా పైకి సాగి మెదడుకు, ముఖానికి రక్తాన్ని చేరవేసే పెద్ద రక్తనాళాలు. కంఠమణి పక్కన వేళ్లు ఆనిస్తే కొట్టుకునే నాడి వీటిదే. రక్తపోటు ఏళ్ల తరబడి అదుపు తప్పి ఉన్నవారిలో ఈ ధమనుల గోడలు మందమెక్కుతాయి, బిరుసెక్కుతాయి, వంకర్లు తిరుగుతాయి, లోపల పూడికలు పేరుకుంటాయి. కొన్ని పూడికలు నేరుగా పక్షవాతానికి దారితీస్తాయి. అంతకన్నా ఎక్కువ సందర్భాల్లో మాత్రం ఇవి ఒంట్లోని మిగతా ధమనులు, ముఖ్యంగా గుండె ధమనులు, ఏ స్థితిలో ఉన్నాయో తెలిపే ఆనవాళ్లు. కెరోటిడ్ చర్మానికి దగ్గరగా ఉండి అల్ట్రాసౌండ్‌కు సులువుగా అందుతుంది. రక్తపోటు ధమనులను ఎలా చెడగొడుతుందో వైద్యులు నేర్చుకున్నదాంట్లో చాలా భాగం దీన్ని చూసి నేర్చుకున్నదే.

నిర్మాణం

ఎడమ కెరోటిడ్ నేరుగా బృహద్ధమని వంపు నుంచి పుడుతుంది. కుడిది అదే వంపు నుంచి వచ్చే ఒక ఉమ్మడి కొమ్మ నుంచి చీలి వస్తుంది. ఇంచుమించు కంఠమణి పై అంచు ఎత్తుకు చేరేసరికి ఒక్కొక్కటీ రెండుగా విడిపోతుంది. వెలుపలి కొమ్మ ముఖానికి, నెత్తి చర్మానికి వెళ్తుంది. లోపలి కొమ్మ మెడలో శాఖలేవీ ఇవ్వకుండా పుర్రెలోకి ప్రవేశించి, కంటికి ఒక శాఖనిచ్చి, మెదడు ముందు భాగాలను పోషిస్తుంది. మెదడు అడుగున కుడి, ఎడమ కెరోటిడ్లూ వెన్నెముక వెంట పైకి వచ్చే మరో జత ధమనులూ ఒక వలయంగా కలుస్తాయి. ఇంగ్లండు వైద్యుడు థామస్ విల్లిస్ 1664లో వర్ణించిన ఈ వలయానికి ఆయన పేరే నిలిచింది. వలయం సంపూర్ణంగా ఉన్నవారిలో ఒక పక్క కెరోటిడ్ మెల్లమెల్లగా పూర్తిగా మూసుకుపోయినా ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. అయితే వలయంలో ఏదో ఒక భాగం సన్నగానో, అసలు లేకుండానో పుట్టినవారు తక్కువేమీ కాదు. వారికి ఆ అండ ఉండదు.

చీలిక దగ్గర లోపలి కొమ్మ మొదలు కొద్దిగా ఉబ్బెత్తుగా ఉంటుంది. దీన్ని కెరోటిడ్ సైనస్ అంటారు. ఈ గోడలో రక్తపోటును పసిగట్టే నాడీ తంతువులుంటాయి. పోటు పెరిగి గోడ సాగగానే అవి తొమ్మిదో కపాల నాడి ద్వారా మెదడు కాండానికి కబురు పంపుతాయి. గుండె వేగం తగ్గుతుంది, చిన్న ధమనులు వదులవుతాయి, పోటు దిగుతుంది. జర్మన్ శరీరధర్మ శాస్త్రవేత్త హైన్రిచ్ హెరింగ్ 1920లలో ఈ ప్రతిచర్యను వివరించాడు. కెరోటిడ్ సైనస్, బృహద్ధమనుల్లోని గ్రాహకాలు శ్వాసను ఎలా నియంత్రిస్తాయో తేల్చినందుకు బెల్జియం శాస్త్రవేత్త కార్నీల్ హైమాన్స్‌కు 1938 నోబెల్ బహుమతి వచ్చింది.

బీపీ ఎప్పుడూ ఎక్కువగానే ఉంటే ఈ యంత్రాంగం దానికి అలవాటుపడి, ఎక్కువ పోటునే మామూలుగా తీసుకుంటుంది. పైగా గోడ బిరుసెక్కే కొద్దీ సాగడం తగ్గి, కబురు మందగిస్తుంది. పడుకున్నప్పుడు బీపీ 180 దాటి, మంచం మీంచి లేవగానే కళ్లు తిరిగి పడబోయే వృద్ధులు అందుకే కనిపిస్తారు. ఆ రెండింటి వెనకా తరచు ఉండేది ఒకే బిరుసు గోడ. మరికొందరు వృద్ధుల్లో దీనికి భిన్నంగా సైనస్ అతిగా స్పందిస్తుంది. బిగుతైన కాలర్, గడ్డం గీసుకునేటప్పుడు మెడ మీద పడే ఒత్తిడి కూడా గుండెను క్షణాలపాటు ఆపి స్పృహ తప్పించవచ్చు.

పోటు గోడను మార్చే తీరు

ధమని గోడ మోయాల్సిన బిగువు లోపలి పోటుతోనూ నాళం వెడల్పుతోనూ పెరుగుతుంది, గోడ మందంతో తగ్గుతుంది. కాబట్టి పోటు పెరిగినప్పుడు గోడ మందమెక్కడం మొదట్లో జబ్బు కాదు, తట్టుకునే ప్రయత్నం. మధ్యపొరలోని కండర కణాలు పెద్దవవుతాయి, కొలాజెన్ పోగవుతుంది. మరోపక్క సాగే గుణమిచ్చే ఎలాస్టిన్ పొరలు గుండె కొట్టుకున్న ప్రతిసారీ సాగి సాగి చిట్లుతాయి. పెద్దయ్యాక శరీరం ఎలాస్టిన్‌ను మళ్లీ తగినంతగా తయారుచేసుకోలేదు. అలా సాగే గోడ స్థానంలో గట్టి గోడ మిగులుతుంది.

గట్టిపడిన పెద్ద ధమనులు గుండె తోసిన రక్తపు తాకిడిని ఇముడ్చుకోలేవు. దాంతో బీపీలో పై అంకె అయిన సిస్టోలిక్ పోటు ఇంకా పెరుగుతుంది, కింది అంకె అయిన డయాస్టోలిక్ పోటు తగ్గుతుంది, రెండింటి మధ్య ఎడం పెరుగుతుంది. పోటు గోడను బిరుసు చేస్తుంది, బిరుసు గోడ పోటును పెంచుతుంది. అరవై దాటినవారిలో పై అంకె ఒక్కటే ఎక్కువగా ఉండడానికి ప్రధాన కారణం ఈ చక్రమే. దీని దెబ్బ మెడతో ఆగదు. మెదడు రక్తనాళాలు ప్రవాహానికి తక్కువ నిరోధం చూపుతాయి కనుక, ఇమడని తాకిడి నేరుగా మెదడు లోతుల్లోని సన్నని ధమనులకు చేరి అక్కడ చిన్నచిన్న మచ్చలు మిగులుస్తుంది. జ్ఞాపకశక్తి, నడక మందగించడంలో వీటి పాత్ర ఉంది.

పూడిక కథ వేరు. పోటు ధమని అంతటా ఒకేలా ఉన్నా పూడికలు మాత్రం అన్నిచోట్లా రావు. చీలిక దగ్గర, అందులోనూ సైనస్ బయటి గోడ మీద ఎక్కువగా పుడతాయి. అక్కడ రక్తం వేగం తగ్గి, గుండె లయతో పాటు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. తిన్నని ప్రవాహపు రాపిడి అందని చోట లోపొర కణాల కట్టు సడలి, వాటి మధ్య నుంచి ఎల్‌డీఎల్ కొలెస్టరాల్ గోడలోకి దిగుతుంది. దాన్ని మింగిన తెల్లకణాలు కొవ్వు తిత్తులుగా మారి, వాటి చుట్టూ కండర కణాలు, పీచు చేరి పూడిక తయారవుతుంది. ప్రవాహం చోటును నిర్ణయిస్తే, పోటు ఆ పనిని తొందరపెడుతుంది. ఒకే రక్తం పారినా తక్కువ పోటు ఉండే సిరల్లో ఈ పూడికలు రావు. అదే సిరను బైపాస్ ఆపరేషన్‌లో ధమని స్థానంలో కుడితే కొన్నేళ్లకు వస్తాయి. కొలెస్టరాల్ ఒక్కటే దోషి అన్న వాదనకు ఇంతకన్నా సూటి జవాబు లేదు.

అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణ అధ్యయనంలో దశాబ్దాల పాటు నమోదు చేసిన బీపీని వృద్ధాప్యంలో తీసిన కెరోటిడ్ స్కాన్‌లతో పోల్చి 1997లో ప్రచురించారు. సిస్టోలిక్ పోటు 20 మిల్లీమీటర్లు ఎక్కువగా ఉన్న మగవారిలో చెప్పుకోదగ్గ పూడిక ఉండే అవకాశం సుమారు రెండు రెట్లు, ఆడవారిలో ఒకటిన్నర రెట్లు కనిపించింది. స్కాన్ నాటి బీపీకన్నా గడిచిన కాలమంతటి బీపీని లెక్కలోకి తీసుకోవాలన్నది ఆ అధ్యయనం నేర్పిన పాఠం. పొగాకు, మధుమేహం తోడైతే నష్టం కూడికగా కాక హెచ్చవేతగా పెరుగుతుంది.

పూడిక ఎంత పెద్దదన్నది ఒక్కటే ప్రమాదాన్ని నిర్ణయించదు. లోపల కొవ్వు ఎక్కువై, పైన పీచు పొర పలచబడి, మధ్యలో రక్తస్రావం జరిగిన పూడిక చిన్నదైనా చిట్లవచ్చు. చిట్లిన చోట కట్టిన రక్తపు గడ్డ తునకలై మెదడులోకి కొట్టుకుపోతుంది. కెరోటిడ్ వల్ల వచ్చే పక్షవాతాల్లో ఎక్కువ శాతం ఇలా వచ్చేవే. నాళం మరీ ఇరుకై అవతల రక్తం చాలకపోవడం వల్ల వచ్చేవి తక్కువ.

వంకర్లు, చిరుగులు, వాపులు

పోటుకు ధమని వెడల్పుతో పాటు పొడవు కూడా పెరుగుతుంది. రెండు కొసలూ కదలని చోట పొడవు పెరిగిన నాళం వంకర తిరగక తప్పదు. కొందరిలో అది మెలికగా, ఇంకొందరిలో చుట్టగా మారుతుంది. దీర్ఘకాలంగా బీపీ ఉన్న వృద్ధ మహిళల్లో, ఎక్కువగా కుడి వైపు, మెడ మొదట్లో కొట్టుకునే ఉబ్బు ఒకటి కనిపించడం పాత పాఠ్యపుస్తకాల్లోనూ ఉన్న సంగతి. రక్తనాళం ఉబ్బి పగలబోతోందని కుటుంబం కంగారుపడుతుంది. స్కాన్ చేస్తే సాధారణంగా తేలేది మెలిక తిరిగిన కెరోటిడ్ మాత్రమే. దానికి చాలావరకు ఏ ఆపరేషనూ అక్కర్లేదు. బీపీకి మందు కావాలి.

గోడ లోపొర చిరిగి రక్తం పొరల మధ్యకు చొచ్చుకుపోవడం మరో సమస్య. నడివయసులోపు వచ్చే పక్షవాతాలకు ఇది ముఖ్య కారణాల్లో ఒకటి. మెడకు దెబ్బ, మెడను హఠాత్తుగా తిప్పడం, అధిక రక్తపోటు దీనికి దోహదం చేస్తాయి. ఒక పక్క మెడనొప్పి, తలనొప్పి, అదే పక్క కనురెప్ప వాలడం, కంటిపాప చిన్నదవడం దీని గుర్తులు.

కార్యకారణాలు తారుమారయ్యే సందర్భాలు రెండున్నాయి. ఫైబ్రోమస్కులర్ డిస్‌ప్లేసియా అనే లోపం ఎక్కువగా మహిళల్లో కెరోటిడ్‌నూ మూత్రపిండ ధమనినీ పూసల దండలా నొక్కులు నొక్కులుగా చేస్తుంది. మూత్రపిండ ధమని ఇరుకవడం వల్ల బీపీ పెరుగుతుంది. రెండోది, భారతదేశంతో సహా ఆసియాలో మరింత ముఖ్యమైనది, టకయాసు వ్యాధి. జపాన్ కంటి వైద్యుడు మికితో టకయాసు 1908లో ఒక యువతి కంటిలోని రక్తనాళాల వింత అల్లికను వర్ణించడంతో ఇది వెలుగులోకి వచ్చింది. బృహద్ధమని, దాని పెద్ద కొమ్మలు వాచి, గోడలు దళసరై, క్రమంగా మూసుకుపోతాయి. భారతీయ రోగుల్లో మూత్రపిండ ధమనులు తరచు చిక్కుకోవడం వల్ల అధిక రక్తపోటే మొదటి లక్షణం కావచ్చు. ఇక్కడొక మోసం ఉంది. చేతికి వెళ్లే ధమని కూడా ఇరుకైతే ఆ చేతిలో బీపీ తక్కువగా, ఒక్కోసారి అసలు అందకుండా ఉంటుంది. అసలు పోటు మాత్రం ప్రమాదకర స్థాయిలో ఉంటుంది. యువతుల్లో బీపీని రెండు చేతుల్లో, అవసరమైతే కాళ్లలో కూడా చూడాలని వైద్యులు పట్టుబట్టేది ఇందుకే.

స్కాన్, కొలతలు

1986లో ఇటలీలోని మిలాన్‌లో పావొలో పిన్యోలి, ఆయన సహచరులు ధమని గోడ మందాన్ని అల్ట్రాసౌండ్‌తో కొలవవచ్చని చూపారు. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, తల కొద్దిగా పక్కకు తిప్పి, మెడకు జెల్ రాసి ప్రోబ్‌ను ధమని వెంట నిలువుగా ఆనిస్తారు. తెర మీద నల్లని గొట్టంలా ధమని, దాని అవతలి గోడ మీద రెండు సమాంతర తెల్ల గీతలు కనిపిస్తాయి. మొదటి గీత రక్తానికీ లోపొరకూ, రెండోది మధ్యపొరకూ వెలిపొరకూ మధ్య హద్దు. ఆ రెండు గీతల ఎడమే ఐఎంటీ. చీలికకు దాదాపు ఒక సెంటీమీటరు కింద దీన్ని కొలుస్తారు. 0.9 మిల్లీమీటర్లు దాటితే రక్తపోటు ధమనిని దెబ్బతీసినట్టుగా ఐరోపా మార్గదర్శకాలు చాలాకాలం పరిగణించాయి. గోడ మందం ఒకచోట 1.5 మిల్లీమీటర్లు దాటినా, పక్కనున్న గోడకన్నా అర మిల్లీమీటరు లోపలికి పొడుచుకొచ్చినా దాన్ని పూడిక అంటారు.

పూడిక నాళాన్ని ఎంత ఇరుకు చేసిందో డాప్లర్‌తో అంచనా వేస్తారు. ఇరుకు చోట రక్తం వేగం పుంజుకుంటుంది. లోపలి కెరోటిడ్‌లో గరిష్ఠ వేగం సెకనుకు 125 సెంటీమీటర్లు మించితే 50 శాతం, 230 మించితే 70 శాతం ఇరుకు ఉన్నట్టు లెక్క. ఆపరేషన్ మాట వచ్చినప్పుడు సీటీ లేదా ఎంఆర్ యాంజియోగ్రామ్‌తో నిర్ధారించుకుంటారు. గోడ బిరుసును కొలవడానికి మెడ నుంచి తొడ వరకు నాడీ తరంగం ప్రయాణించే వేగాన్ని చూస్తారు. సెకనుకు 10 మీటర్లు దాటితే అసాధారణం.

స్టెతస్కోపు మాత్రం నమ్మదగ్గ సాధనం కాదు. ఇరుకు చోట రక్తం చేసే హోరు మెడ మీద వినిపిస్తే పూడికను అనుమానించాలి కానీ, బాగా మూసుకుపోయిన ధమని నిశ్శబ్దంగా ఉండిపోవచ్చు.

ఈ మార్పుల బీజాలు ఎంత ముందే పడతాయో హైదరాబాద్ పరిసర గ్రామాల్లో జరిగిన ఒక పరిశోధన సూచించింది. 1987–90 మధ్య కొన్ని గ్రామాల్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు పోషకాహారం ఇచ్చారు, పొరుగు గ్రామాల్లో ఇవ్వలేదు. ఆ పిల్లలు కౌమారానికి వచ్చాక పరీక్షించి 2008లో ప్రచురించిన ఫలితాల్లో, పోషకాహారం అందిన ఊళ్లవారిలో ధమనుల బిరుసు కొంత తక్కువగా కనిపించింది. ఆ సమూహాన్ని తర్వాత వారి తల్లిదండ్రులతో కలిపి పరిశీలన కొనసాగించారు.

రక్తనాళాల ప్రమాదం

నలభై నుంచి అరవైతొమ్మిదేళ్ల మధ్య వయసువారిలో సిస్టోలిక్ పోటు 20 మిల్లీమీటర్లు పెరిగిన ప్రతిసారీ పక్షవాతంతో చనిపోయే ముప్పు రెట్టింపుకు మించుతుందని 2002లో వెలువడిన బృహత్ విశ్లేషణ తేల్చింది. ఈ పెరుగుదల 115 దగ్గరే మొదలవుతుంది. కెరోటిడ్ మార్పులు ఈ ముప్పుకు తోడవుతాయి. 65 ఏళ్లు నిండిన 4 వేలకు పైగా అమెరికన్లను అనుసరించిన అధ్యయనం 1999లో చూపినదాని ప్రకారం, గోడలు అన్నిటికన్నా మందంగా ఉన్న అయిదో వంతు మందిలో, అన్నిటికన్నా పలచగా ఉన్నవారితో పోలిస్తే, గుండెపోటు లేదా పక్షవాతం ముప్పు ఇతర కారణాలను లెక్కగట్టాక కూడా సుమారు మూడు రెట్లు.

అంతమాత్రాన బీపీ ఉన్న ప్రతివారికీ ఐఎంటీ కొలవాలా అంటే, అక్కర్లేదు. వయసు, బీపీ, కొలెస్టరాల్, పొగతాగడం, మధుమేహం తెలిశాక ఈ కొలత అదనంగా చెప్పేది చాలా స్వల్పమని 2012లో 45 వేలకు పైగా మందిపై చేసిన విశ్లేషణ తేల్చింది. మరుసటి ఏడాది అమెరికా హృద్రోగ సంఘాలు దీన్ని మామూలుగా చేయవద్దన్నాయి. కొలిచే చేయి మారితే అంకె కూడా కొంత మారుతుంది. ఏటా పెరిగే మందం ఆ తేడాకన్నా తక్కువ. పూడిక ఉందా లేదా అన్న ప్రశ్నకు మాత్రం విలువుంది. పూడిక కనిపిస్తే మధ్యస్థ ముప్పు అనుకున్న మనిషి అధిక ముప్పు వర్గంలోకి వెళ్తాడు, కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మందు మొదలుపెట్టాలా అన్న మీమాంస తీరుతుంది.

లక్షణాలు లేని పూడిక ఉన్నవారు తమ మెడ గురించే బెంగపడతారు. వాస్తవం వేరు. ఇప్పటి మందులు సరిగా వాడేవారిలో అలాంటి పూడిక వల్ల అదే పక్క పక్షవాతం వచ్చే అవకాశం ఏడాదికి ఇంచుమించు 1 శాతం. వారికి గుండెపోటు ముప్పు అంతకన్నా ఎక్కువ.

ప్రాంతాన్ని బట్టి చిత్రం మారుతుంది. పాశ్చాత్యుల్లో పూడికలు ఎక్కువగా మెడలోని కెరోటిడ్‌లో ఉంటే, దక్షిణాసియా, తూర్పు ఆసియా ప్రజల్లో పుర్రె లోపలి ధమనుల్లో ఎక్కువ. హైదరాబాద్‌లోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ పక్షవాత రిజిస్ట్రీలోనూ ఇదే ధోరణి కనిపించింది. అందువల్ల తెలుగు రోగికి మెడ డాప్లర్ మామూలుగా వచ్చినంత మాత్రాన మెదడు ధమనులు బాగున్నాయని చెప్పలేం. ఇక ముప్పు నగరాలకే పరిమితమనుకోవడానికీ లేదు. ఉభయ గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల మరణాలను పరిశీలించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు మూడో వంతు మరణాలకు గుండె, రక్తనాళాల జబ్బులే కారణం. పక్షవాతం ఒక్కటే మొత్తం మరణాల్లో 13 శాతం.

లక్షణాలు

కెరోటిడ్ పూడిక చాలాకాలం మౌనంగా ఉంటుంది. హెచ్చరిక వస్తే అది కొద్ది నిమిషాలపాటు ఉండి పోయే పక్షవాతంగా వస్తుంది. ఒక చేయి పట్టు తప్పి చేతిలోని గ్లాసు జారుతుంది, మూతి ఒక పక్కకు లాగుతుంది, మాట ముద్దగా వస్తుంది. మెదడు ఎడమ సగం ఒంటి కుడి సగాన్ని నడిపిస్తుంది కాబట్టి ఎడమ కెరోటిడ్ దోషం కుడి చేయి, కాలులో కనిపిస్తుంది. కంటి విషయంలో మాత్రం పూడిక ఉన్న పక్క కన్నే మసకబారుతుంది, పైనుంచి తెర దించినట్టు చూపు పోయి మళ్లీ వస్తుంది. నిమిషాల్లో తగ్గిపోయిందని ఇంట్లో ఊరుకోవడం అన్నిటికన్నా ప్రమాదకరం. తర్వాతి పెద్ద పక్షవాతం వచ్చే అవకాశం మొదటి కొద్ది రోజుల్లోనే ఎక్కువ.

ఉత్త తలతిరుగుడు, తల భారం కెరోటిడ్ లక్షణాలు కావు. వాటికోసం రాసే మెడ డాప్లర్ పరీక్షల్లో పెద్ద భాగం అనవసరమే. వాటిలో యాదృచ్ఛికంగా బయటపడే చిన్న పూడిక లేనిపోని భయానికి మూలమవుతుంది.

చికిత్స

అందరికీ వర్తించేది మందుల చికిత్స. బీపీని చాలామందిలో 130/80 కిందకు తేవడం, ఉప్పు తగ్గించడం, సిగరెట్, బీడీ, చుట్ట మానడం, స్టాటిన్, పూడిక నిర్ధారణ అయినవారికి ఆస్పిరిన్ వంటి మందు ఇందులో భాగం. ఏ బీపీ మందు వాడినా పోటు తగ్గడమే ప్రధానం. ఐరోపాలో 2 వేలకు పైగా రోగులకు నాలుగేళ్లపాటు లాసిడిపిన్ లేదా అటెనొలాల్ ఇచ్చి 2002లో ఫలితాలు ప్రకటించారు. లాసిడిపిన్ వాడినవారిలో గోడ మందం నెమ్మదిగా పెరిగింది, కానీ గుండెపోటు, పక్షవాతాల్లో గణనీయమైన తేడా తేలలేదు. స్కాన్‌లో అంకె మెరుగవడాన్ని రోగి మెరుగవడంగా పొరబడకూడదనడానికి ఇది మంచి ఉదాహరణ. స్టాటిన్ విషయంలో రుజువు గట్టిది: పక్షవాతం లేదా తాత్కాలిక పక్షవాతం వచ్చినవారికి అటర్వాస్టాటిన్ 80 మిల్లీగ్రాములు మళ్లీ రాకుండా కొంత కాపాడుతుందని 2006లో తేలింది.

బీపీ తగ్గించడంలో ఒక మినహాయింపు ఉంది. రెండు పక్కలా కెరోటిడ్‌లు 70 శాతానికి మించి ఇరుకైనవారిలో మెదడు రక్తసరఫరా ఎక్కువ పోటు మీదే ఆధారపడి ఉండవచ్చు. అలా ఇరుకై, లక్షణాలు కూడా ఉన్న రోగుల్లో పోటు మరీ తగ్గితే పక్షవాతం ముప్పు పెరిగినట్టు 2003 నాటి విశ్లేషణలో కనిపించింది. వారికి ముందు నాళాన్ని తెరిచి, ఆ తర్వాత బీపీని బిగించడం మేలు.

కెనడా నాడీ వైద్యుడు మిల్లర్ ఫిషర్ 1951లో మెడలోని కెరోటిడ్ మూసుకుపోవడానికీ పక్షవాతానికీ ఉన్న సంబంధాన్ని స్పష్టం చేసి, ఏదో ఒకరోజు దీనికి శస్త్రచికిత్స వస్తుందని ఊహించాడు. మూడేళ్లకే, 1954లో, లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆస్పత్రిలో ఈస్ట్‌కాట్, రాబ్ పదేపదే తాత్కాలిక పక్షవాతం వచ్చే ఒక మహిళకు శరీరాన్ని చల్లబరిచి, ఇరుకైన భాగాన్ని కోసి తీసి, ధమనిని తిరిగి అతికారు. ఆ ఆపరేషన్‌ను వివరించిన వ్యాసానికి మరో రచయిత జార్జ్ పికరింగ్. రక్తపోటులో జబ్బుకూ ఆరోగ్యానికీ మధ్య గీత లేదని, అది ఎత్తులా, బరువులా క్రమంగా మారే లక్షణమని వాదించిన పికరింగ్ ఆయనే.

తర్వాత స్థిరపడిన ఆపరేషన్‌లో ధమనిని నిలువుగా కోసి పూడికను ఒలిచి తీస్తారు. 1991లో ఉత్తర అమెరికా అధ్యయనం దీని విలువను తేల్చింది: లక్షణాలుండి, 70 శాతం పైన ఇరుకున్నవారిలో రెండేళ్లలో అదే పక్క పక్షవాతం మందులతో 26 శాతం మందికి, ఆపరేషన్‌తో 9 శాతం మందికి వచ్చింది. లక్షణాలు కనిపించిన రెండు వారాల్లోపు చేస్తేనే ఫలం ఎక్కువ. లక్షణాలు లేనివారిలో 1995లో ప్రకటించిన అధ్యయనంలో అయిదేళ్లకు మందులతో 11 శాతం, ఆపరేషన్‌తో 5 శాతం; తేడా అంతే. అది ఇప్పటి మందులు రాకముందు లెక్క కావడంతో అలాంటివారికి ఆపరేషన్ సలహా ఇచ్చేముందు వైద్యులు ఇప్పుడు చాలా ఆలోచిస్తారు. స్టెంటు ప్రత్యామ్నాయం. ఆ రెండింటినీ పోల్చి 2010లో వెలువడిన ఫలితాల్లో స్టెంటు వేసినవారిలో పక్షవాతం, కోత ఆపరేషన్ చేసినవారిలో గుండెపోటు కాస్త ఎక్కువ. డెబ్బై దాటినవారికి కోతే మంచిదని తేలింది.

ఆపరేషన్ తర్వాతి రోజుల్లో బీపీయే పెద్ద సవాలు. సైనస్ నాడులు కదిలిపోవడంతో పోటు కొన్నాళ్లు ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఏళ్లుగా తక్కువ రక్తానికి అలవాటుపడిన మెదడులోకి ఒక్కసారిగా పూర్తి ప్రవాహం వచ్చి, అదే పక్క తీవ్రమైన తలనొప్పి, మూర్ఛలు, అరుదుగా మెదడులో రక్తస్రావం జరగవచ్చు. దీన్ని నివారించడానికి మొదటి రోజుల్లో బీపీని తరచు చూస్తూ కచ్చితమైన హద్దులో ఉంచుతారు. ఇంటికి వెళ్లాక కూడా కొన్ని వారాలపాటు కొత్త తలనొప్పిని తేలిగ్గా తీసుకోరు. ఆ తర్వాత అప్పుడప్పుడు డాప్లర్ చేసి, తెరిచిన నాళం మళ్లీ ఇరుకవుతోందా, రెండో పక్క పూడిక పెరుగుతోందా అని పరిశీలిస్తారు.